తోడల్లుళ్ళ బన్ను

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్ మోగిందంటే పెద్దల్లుడికి ఒళ్ళు మండేది. తెల్లవారకముందే లేచి బట్టీ వెలిగించే మనిషికి ఆ వేళ కునుకు పట్టే వేళ. దిండు మీద తల ఆనించి, కాళ్ళు చాపుకుని, హమ్మయ్య అనుకునేలోపు అది మోగేది. ఎత్తకపోతే మళ్ళీ మోగేది. అప్పుడూ ఎత్తకపోతే వంటింట్లో భార్య ఫోన్ మోగేది. ఇక తప్పదని ఎత్తి, చెవికి జానెడు దూరంలో పెట్టుకునేవాడు.

"అన్నయ్యా, ఇవాళ కూడా కూలిపోయింది."

"ఏం కూలింది?"

"బన్నే. ఇంకేముంది? చక్కగా పేర్చి పంపించానా, బల్ల దగ్గరికి చేరేసరికి అడుగు బన్ను మెత్తబడి ఓ పక్కకి ఒరిగిపోయింది. ఆయనెవరో చేత్తో ఎత్తితే సగం చేతిలోకి, సగం ఒళ్ళోకి."

"ఉల్లిపాయలో నీళ్ళు పిండి వెయ్యి."

"అందులో నీళ్ళెక్కడివి అన్నయ్యా? మూడు గంటలు సన్నమంట మీద..."

"పిండి వెయ్యమన్నానా లేదా? ఉంటాను. పిండి పొంగుతోంది నాకు."

మంచం మీద పడుకున్నవాడికి పొంగే పిండేమిటో అవతలివాడు ఏనాడూ అడగలేదు. మూడు వారాలుగా ఇదే వరస.

అక్కాచెల్లెళ్ళిద్దర్నీ పెళ్ళాడిన పాపానికి వాళ్ళిద్దరూ తోడల్లుళ్ళయ్యారు. పెద్దల్లుడిది బేకరీ. ఇరవయ్యారేళ్ళుగా ఆ వీధిలో రొట్టెలూ, రస్కులూ, బన్నులూ చేసి అమ్ముతున్నాడు. చిన్నల్లుడు ఒక పెద్ద హోటల్లో, ఫ్రెంచి వంటశాలలో, పన్నెండేళ్ళు గరిటె తిప్పి, అక్కడి పెద్ద వంటవాడితో పడక బయటికొచ్చేశాడు. వచ్చి, ఇదే వీధి చివర ఆరు బల్లలు పట్టేంత చోటు అద్దెకి తీసుకుని బర్గర్ల దుకాణం పెట్టాడు. మామూలు బర్గర్లు కావు. ఫ్రెంచివాళ్ళు కంచంలో వడ్డించుకుని చాకూ ఫోర్కూ పట్టుకుని తినే వంటలన్నిటినీ ఇతను రెండు బన్నుల మధ్యకి ఎక్కించాడు. ఎవడు తింటాడురా ఇవన్నీ అని అందరూ నవ్వారు. నెల తిరక్కుండా గుమ్మం బయట జనం నిలబడటం మొదలుపెట్టారు. ఇస్త్రీ లేని చొక్కాలతో, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో వచ్చి కూర్చుని తినిపోయే చోటు అది.

దానికి బన్నులు పంపేది పెద్దల్లుడు. ఆషామాషీగా పంపడు. వెన్నా గుడ్లూ దండిగా పోసి, ముప్పావుగంట పిసికి, ఒక రాత్రంతా చల్లని గదిలో నిద్రపుచ్చి, మర్నాడు కాల్చి పంపుతాడు. వేలితో నొక్కితే దిగి, తీయగానే పైకి లేవాలి. తన చేతిలో రొట్టె చెడిందన్న మాట ఇరవయ్యారేళ్ళలో ఒక్కడూ అనలేదు. ఇప్పుడు రోజూ అంటున్నవాడు బయటివాడు కాకపోవడమే అసలు చిక్కు. బయటివాడైతే "పోవయ్యా, ఇంకోచోట కొనుక్కో" అనేవాడు. తోడల్లుణ్ణి ఎక్కడికి పొమ్మంటాడు?

ఇట్లా ఉండగా, మామగారి పళ్ళు కుదిరాయి.

మామగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉన్న నాలుగు పళ్ళూ పీకించేసుకుని, రెండు నెలలుగా జావ తాగుతూ, ఆ జావ పోసిన కూతుళ్ళిద్దర్నీ తిడుతూ గడిపాడు. కొత్త కట్టుడు పళ్ళు మూడుసార్లు తిప్పి పంపాక, నాలుగోసారికి గురువారంనాడు సరిగ్గా కూర్చున్నాయి. ఆ సాయంత్రమే ఇద్దరు కూతుళ్ళకీ ఫోన్ చేసి ప్రకటించాడు. "ఆదివారం మధ్యాహ్నం చిన్నల్లుడి దగ్గర బర్గరు తింటాను. నా పళ్ళకి అదే మొదటి పరీక్ష. అందరూ ఉండాలి."

"నేను రాను. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసేది నిద్ర కోసమే," అన్నాడు పెద్దల్లుడు తీరా బయల్దేరే వేళకి.

"మూడు వారాల్నుంచి మీ ఇద్దరి గోలా నేనూ చెల్లీ వింటున్నాం," అంది భార్య. "ఆయన అక్కడ దాన్ని సాధిస్తాడు, మీరిక్కడ నన్ను సాధిస్తారు. మీ బన్ను అక్కడ ఏమవుతోందో కళ్ళారా చూసొస్తే మీ సొమ్మేం పోతుంది?"

"నా బన్ను ఎట్లా ఉంటుందో నాకు తెలీదా?"

"మీకు తెలుసండీ. నాకే తెలీదు. నాకోసం రండి."

ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆ గొంతుకి ఎదురు చెప్పి గెలిచింది లేదు. చొక్కా తొడుక్కున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఐదు బల్లలు నిండి ఉన్నాయి. ఆరోదాని మీద 'ఇంటివాళ్ళకి' అని చీటీ పెట్టి ఉంది. గోడకి నల్లబల్ల, దాని మీద సుద్దతో బర్గర్ల పేర్లు. వంటగదికీ బల్లలకీ మధ్య నడుమెత్తు గోడ, దాని మీదుగా పొగా, వెన్న వాసనా, చిన్నల్లుడి తెల్లటోపీ కనిపిస్తున్నాయి. మామగారు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటు కొద్దీ ఆరంగుళాల స్టీలు స్కేలు చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది. కొత్త పళ్ళు బాగా కనబడాలని కాబోలు, అందరికేసీ చూసి కారణం లేకుండా నవ్వుతున్నాడు.

మరదలు చేతిలో చిన్న పుస్తకంతో వచ్చింది.

"ఏం తింటావు నాన్నా? ఉల్లిపాయ సూపు బర్గరుంది. ఉల్లిపాయల్ని వెన్నలో మూడు గంటలు మగ్గబెట్టి, పైన చీజు కరిగించి, పక్కన చిన్న గిన్నెలో ఎముకల రసం ఇస్తాం, ముంచుకు తినడానికి. బాతు, నారింజ బర్గరుంది. పుట్టగొడుగులూ ఆవపిండి సాసూ వేసిందుంది. నత్తల వెన్న బర్గరుంది."

"నత్తలా?" అంది అక్క, మొహం చిట్లించి.

"నత్తలుండవక్కా. నత్తల్లో వేసే వెన్న మాత్రమే ఉంటుంది. వెల్లుల్లీ, ఆకులూ దంచి కలిపిన వెన్న."

మామగారు నవ్వాపేశాడు. "నత్తలు లేనప్పుడు నత్తల వెన్న అని ఎట్లా రాస్తారమ్మా? పేరులో ఉన్న సరుకు పొట్లంలో ఉండి తీరాలి. నా హయాంలో అయితే ఆ నల్లబల్ల పీకించేవాణ్ణి."

"అది వెన్న పేరు నాన్నా, సరుకు పేరు కాదు."

"తినేవాడికి ఆ తేడా ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తున్నాగా ఇప్పుడు!"

"రోజూ ఎంతమందికి చెప్తావు?"

"అందరికీ చెప్తూనే ఉన్నాను, నోరు పడిపోతోంది," అంది మరదలు. అనేసి వంటగది వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో ఇంటికెళ్ళాక చెప్తానన్న సంగతేదో ఉంది.

చివరికి మామగారికీ పెద్దల్లుడికీ ఉల్లిపాయది, అక్కకి పుట్టగొడుగులది అని తేలింది. మామగారు టమాటా సాసు అడిగాడు. ఆయన ఒప్పుకోరంది మరదలు. అయితే రెండు ముక్కలుగా కోసి తెమ్మన్నాడు, పళ్ళు కొత్తవి కదా అని. దానికీ ఆయన ఒప్పుకోరంది. కోస్తే లోపలిదంతా కారిపోతుందట.

"డబ్బిచ్చి తినేది నేనా, ఆయనా?" అన్నాడు మామగారు.

"నీ దగ్గర డబ్బెవరు తీసుకుంటారు నాన్నా?"

"అందుకేనా నా మాట చెల్లటంలేదు?"

ఈ సంభాషణ పెద్దల్లుడి చెవికెక్కలేదు. అతను పక్క బల్లల్ని చూస్తున్నాడు. అవతలి మూల కూర్చున్న జంట బర్గర్ని చేత్తో ఎత్తబోయి మానుకుని, పై బన్ను తీసి పక్కన పెట్టి, మధ్యలోదాన్ని ఫోర్కుతో పొడుచుకు తింటున్నారు. వాళ్ళ వెనక బల్ల మీద తినేసి వెళ్ళిపోయినవాళ్ళ కంచాలున్నాయి. మాంసం లేదు, ఉల్లిపాయ లేదు, ఆకు కూడా లేదు. అడుగు బన్ను మాత్రం ఉంది. తడిసిన అట్టముక్కలా కంచానికి అతుక్కుని. నాలుగు కంచాల్లోనూ అంతే.

అతనికి ఎవరో తన చొక్కాతో నేల తుడుస్తుంటే చూస్తున్నట్టుంది. ముప్పావుగంట పిసికిన పిండి అది.

"చూశారా?" అంది భార్య మెల్లిగా.

"చూశాను. ఉల్లిపాయ నీళ్ళు. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే."

పక్క బల్ల దగ్గర ఒకావిడ ఒక్కతే కూర్చుని తింటోంది. ఆ వీధిలో అందరికీ తెలిసిన మనిషే, డ్రైవింగ్ నేర్పే టీచరమ్మ. వీధిలో సగం మందికి బండి తోలడం నేర్పి నేర్పి, గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. ఆవిడ చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని మరదల్ని పిలిచింది. వేళ్ళ సందుల్లోంచి బన్ను జారుతోంది.

"ఏమ్మా, లోపలిదంతా బ్రహ్మాండం. ఈ బన్నేమిటి, తడిగుడ్డలా? ఎవరు చేస్తారిది?"

మరదలు ఒక్క క్షణం తడబడింది. బావగారి వైపు చూడకుండా ఉండటానికి ఆమె పడ్డ అవస్థ బావగారికి స్పష్టంగా కనిపించింది.

"బయట్నుంచి తెప్పిస్తామండీ," అంది.

బయట్నుంచి! తడిగుడ్డ అన్నందుకు కూడా అంత కోపం రాలేదు పెద్దల్లుడికి. ఆ మాటకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ మరదలి పెళ్ళికి రొట్టెలన్నీ తనే చేశాడు. ఈ దుకాణానికి మొదటి నెల బన్నులు ఊరికే ఇచ్చాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. భార్య చొక్కా పట్టుకుంది. విడిపించుకుని నడుమెత్తు గోడ పక్కనుంచి తిన్నగా వంటగదిలోకి నడిచాడు.

చిన్నల్లుడు పెనం మీద నాలుగు మాంసం బిళ్ళల్ని ఒకేసారి తిరగేస్తున్నాడు. నుదుటి మీద చెమట కంట్లోకి కారుతోంది.

"రా అన్నయ్యా. పక్కకి నిలబడు, నూనె చిందుతుంది."

"ఏదీ నీ ఉల్లిపాయ? చూపించు."

"ఇప్పుడా? ఐదు ఆర్డర్లున్నాయి!"

"ఇప్పుడే. మూడు వారాల్నుంచి రోజూ ఒంటిగంటకి నన్ను లేపడానికి తీరికుంది నీకు. ఇప్పుడు లేదా?"

చిన్నల్లుడు పొయ్యి తగ్గించి, గూట్లోంచి ఒక గిన్నె తీసి, మూత తీసి ముందు పెట్టాడు. లోపల ఉల్లిపాయలు ముదురు బెల్లం రంగులో, ముద్దగా, మెరుస్తూ ఉన్నాయి. సన్నటి జల్లెడ తెచ్చి రెండు గరిటెలు అందులో వేసి, గరిటె వెనక భాగంతో బలంగా అదిమాడు. కింద తెల్ల పళ్ళెం పెట్టాడు. ఇద్దరూ ఆ పళ్ళెంకేసి చూస్తూ నిలబడ్డారు. ఒక్క చుక్క పడలేదు.

"చీజు?" అన్నాడు పెద్దల్లుడు.

"చీజులో నీళ్ళేముంటాయి? అది కొవ్వు."

"మాంసం?"

"పెనం మీద నుంచి తీశాక రెండు నిమిషాలు జాలీ మీద ఆరబెడతా. పన్నెండేళ్ళు ఇదే చేశాను అన్నయ్యా, నాకు తెలీదా?"

ఇంచుమించు ఇదే మాట ఇందాక ఇంట్లో తనూ అన్నాడని పెద్దల్లుడికి గుర్తురాలేదు. "అయితే ఆ బన్ను ఇటివ్వు," అన్నాడు.

చిన్నల్లుడు గోడవైపు చెయ్యి చూపించాడు. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాలు ఒకదాని మీద ఒకటి నిలువునా పేర్చి ఉన్నాయి. పెద్దల్లుడి డబ్బాలే అవి. మూడు వారాల కిందట ఒక అమ్మకాల మనిషి బేకరీకొచ్చి, డబ్బా మీద ఎక్కి నిలబడి, విరగదు చూడండి సార్ అని గెంతి మరీ చూపిస్తే, ముచ్చటపడి నలభై కొన్నాడు. గట్టి మూత, దుమ్ము పడదు, చీమ దూరదు, బండిలో రెండింతలు పడతాయి. అంతకుముందు బన్నులు చెక్కపళ్ళాల్లో, పైన పలచటి గుడ్డ కప్పి వెళ్ళేవి. ఆ పళ్ళాల్ని వంటచెరుకు చేసేశాడు.

పై డబ్బా మూత తీశాడు. మూత లోపలి పక్కనంతా నీటిబొట్లు. చెయ్యి వంచగానే అన్నీ ఒక చోట చేరి, కింద బన్నుల మీదికి చిటచిటమని రాలాయి.

పెద్దల్లుడు ఒక బన్ను చేతిలోకి తీసుకున్నాడు. పైపొర ముడతలు పడి ఉంది. తిరగేసి అడుగున బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు దిగింది, గుంట అలాగే ఉండిపోయింది. దాని మీద ఇంకా ఉల్లిపాయా పడలేదు, మాంసమూ పడలేదు. బట్టీలోంచి తీసిన పావుగంటకే, పొట్టలో ఆవిరి ఉండగానే, తన చేతుల్తో తనే డబ్బాల్లో సర్ది, చప్పుడయ్యేలా మూతలు నొక్కి బండెక్కించిన బన్ను అది. బేకరీ పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పే పాఠం: వేడి రొట్టెకి ఊపిరాడనివ్వాలి. లేకపోతే చెమట పట్టి అది తన నీళ్ళలో తనే నానుతుంది.

పెనం మీద మాంసం చిటపటలాడుతోంది. ఏమనాలో తెలీనప్పుడు మనిషికి ఎదుటివాడి మీదే కోపమొస్తుంది.

"ఈ నీళ్ళు నువ్వు రోజూ చూస్తున్నావా?"

"చూస్తున్నాను."

"మూత తియ్యగానే ఇట్లా కారుతుంటే చూస్తున్నావా?"

"రోజూ కారతాయి అన్నయ్యా. గుడ్డతో తుడిచి పెడుతున్నా."

"మరి చెప్పవేంరా!" అరిచాడు పెద్దల్లుడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తోడల్లుణ్ణి రా అనడం అదే మొదలు. "రోజూ ఫోన్ చేసి కూలింది, ఒరిగింది, ఒళ్ళో పడింది అని ఏకరువు పెట్టావే, మూతలో నీళ్ళున్నాయి అని ఆ ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"నేనెట్లా చెప్తాను? ఇరవయ్యారేళ్ళ అనుభవం నీది. బన్ను మెత్తగా ఉండాలని కావాలనే అట్లా పంపుతున్నావేమో అనుకున్నా. పెద్దవాడివి, నీకు మూత పెట్టడం రాదని అంటానా?"

"అనాలి!"

"అనబోయాను. రెండోరోజు మూత అనే మాట సగం అన్నాను. ఉల్లిపాయ పిండమని పెట్టేశావు. మూడోరోజు అంతే. నాలుగోరోజు నీకు పిండి పొంగింది. ఏనాడన్నా నన్ను ఒక మాట పూర్తి చెయ్యనిచ్చావా?"

"నువ్వు నేను పడుకున్నప్పుడు చేస్తే..."

"ఏమండీ!" నడుమెత్తు గోడ అవతల పెద్దల్లుడి భార్య నిలబడి ఉంది. పక్కన ఆమె చెల్లెలు. ఆ వెనక మిగతా బల్లల వాళ్ళూ తినడం ఆపి చూస్తున్నారు. "మీ ఇద్దరి మాటలూ వీధిలోకి వినబడుతున్నాయి. మరిదిగారూ, మీ మాంసం మాడుతోంది."

చిన్నల్లుడు ఉలిక్కిపడి పెనం వైపు పరుగెత్తాడు. భార్య చూపు మొగుడి చేతిలో బన్ను మీద పడింది. అక్కణ్ణుంచి నీళ్ళు కారుతున్న మూత మీదికి, అక్కణ్ణుంచి మొగుడి మొహం మీదికి. డబ్బాలు కొన్నరోజే ఆమె మూతలెందుకండీ, బన్నులకి చెమట పడుతుందేమో అంది. బేకరీ నడిపేది నువ్వా నేనా అన్నాడతను.

"నేనేమీ అనలేదు," అంది ఆమె ఇప్పుడు.

"అనకుండానే అంటున్నావుగా!"

"లేదండీ. నిజంగానే ఏమీ అనలేదు." కానీ పెదవుల చివర ఒక నవ్వు ఆగకుండా కదులుతోంది. దాన్ని చూసి చెల్లెలు వెనక్కి తిరిగి నోటికి పమిట అడ్డం పెట్టుకుంది.

అక్కడ ఇంకో నిమిషం నిలబడితే తన మర్యాద దక్కదని తెలిసిపోయింది పెద్దల్లుడికి. గోడకానించి ఉన్న పెద్ద రేకు పళ్ళెం ఒకటి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. ఎండ మాడుతోంది. ఆ వీధిలో తన బేకరీ ఈ చివర్నుంచి ఆరు నిమిషాల నడక. ఆ ఆరు నిమిషాలూ నోట్లోనే ఎవర్నో తిడుతూ నడిచాడు. మొదట తోడల్లుణ్ణి, తర్వాత డబ్బా ఎక్కి గెంతినవాణ్ణి. మందుల షాపు దాటాక తిట్టేందుకు ఇంకెవరూ మిగల్లేదు. తనే మిగిలాడు. అక్కణ్ణుంచి బేకరీ దాకా తనని తనే తిట్టుకున్నాడు.

తాళం తీసి లోపలికెళితే, పొద్దున్న కొట్లో అమ్మకానికని ఉంచుకున్న బన్నులు ఇనప జాలీల మీద ఉన్నాయి. డబ్బాల్లోకి వెళ్ళినవీ ఇవీ ఒకే పిండి, ఒకే బట్టీ, ఒకే వాయి. ఒకదాన్ని తీసి వేలితో నొక్కాడు. దిగింది, లేచింది. ఇంకోటి నొక్కాడు. అదీ లేచింది. ఎందుకో అక్కడే పిండిబస్తా మీద ఒక్క నిమిషం కూర్చున్నాడు. మూడు వారాలు! రోజూ ఒకటే ప్రశ్న, రోజూ ఒకటే జవాబు. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, బండితోపాటు వచ్చి చూసి ఉంటే సరిపోయేది. నిద్ర పాడవుతుందని రాలేదు. ఆ నిద్రన్నా పట్టిందా అంటే అదీ లేదు.

లేచి, ముప్పై బన్నులు రేకుపళ్ళెంలో సర్ది, పైన ఉతికిన గుడ్డ కప్పి, పెళ్ళి పళ్ళెంలా రెండు చేతుల్తో పట్టుకుని వెనక్కి నడిచాడు.

అతను లోపలికి రాగానే చిన్నల్లుడు ఒక బన్ను తీసి అడ్డంగా కోసి, కోసిన వైపు పెనం మీద వెన్నలో ఒత్తి, రంగు తిరగ్గానే తీశాడు. మాంసం, ఉల్లిపాయ, చీజు, పైన మూతబన్ను. దాన్ని కంచంలో పెట్టి ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక నిమిషం గడిచింది. బర్గరు నిటారుగా ఉంది. రెండు నిమిషాలు. అలాగే ఉంది.

"మామగారికి పట్టుకెళ్ళు," అన్నాడు చిన్నల్లుడు.

"నువ్వే పట్టుకెళ్ళు. పళ్ళెం మోసి నా చేతులు లాగుతున్నాయి."

మామగారు ముందు స్కేలు తీసి పక్కన నిలబెట్టి కొలిచాడు. "పదకొండు సెంటీమీటర్లు," అన్నాడు పైకి. రెండు చేతుల్తో ఎత్తి, కళ్ళు మూసుకుని, కొరికాడు. మూడు కుటుంబాల ఊపిరి ఆ పళ్ళ మీదే ఆగింది. నమిలాడు. ఇంకోసారి కొరికాడు. పళ్ళు కదల్లేదు, బన్ను చెదరలేదు.

"అల్లుడుగారూ," అన్నాడు నోరు ఖాళీ చేసుకుని, ఎవర్ననేది చెప్పకుండా. ఇద్దరూ ఒక్కసారే "మామగారూ" అన్నారు. "చూడబోతే మీ ఇద్దర్లో తప్పెవరిదో నాకు చెప్పేట్టు లేరు. నాకు అక్కర్లేదు కూడా. రసం ఇంకో గిన్నె పట్రమ్మా."

డ్రైవింగ్ టీచరమ్మ లేచి వెళ్ళబోతోంది. పెద్దల్లుడు ఆవిడ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఈ ముక్క చెప్పకుండా ఇంటికెళితే ఆ రాత్రీ నిద్ర పట్టదని తెలుసు.

"అమ్మా, ఇందాక బన్ను ఎవరు చేస్తారన్నారు. నేను. వీధి ఆ చివర బేకరీ నాదే. ఇవాళ్టిది... మూడు వారాలుగా చెడింది, నా తప్పు. వీళ్ళది కాదు. కూర్చోండి, ఇంకోటి తినిపోండి."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "మీరా? మీ రొట్టె మేం రోజూ తింటాం కదండీ!" అంది, ఇంకా గట్టిగా. కూర్చుంది. కొత్త బర్గరు వచ్చింది. సగం తిన్నాక మళ్ళీ చెయ్యెత్తి పిలిచింది.

"బ్రహ్మాండంగా ఉందండీ. కాకపోతే ఒకటి. ఇందాకటిది జారింది, ఇది పొడి రాలుతోంది. చూడండి నా ఒళ్ళంతా."

పెద్దల్లుడు ఏదో అనబోయాడు. భార్య దగ్గింది. నోరు మూసుకుని, ఆవిడకి ఇంకో చేతిగుడ్డ తెచ్చిచ్చాడు.

మూడింటికి జనం పల్చబడ్డారు. అప్పటికి గానీ తను తినలేదని అతనికి గుర్తురాలేదు. కంచం ముందు కూర్చుని మొదటి ముక్క కొరికాడు. ఉల్లిపాయ తీపి, అడుగున పొగ వాసన, చీజు ఉప్పదనం, వాటన్నిటినీ అదిమి పట్టుకున్న తన బన్ను. మూడు గంటలు ఎందుకు మగ్గబెడతాడో అప్పుడు తెలిసింది. చిన్నల్లుడు ఎదురుగా కూర్చుని టోపీ తీసి పెట్టుకున్నాడు. అడగలేక, నోటికేసి చూస్తున్నాడు.

"బావుంది," అన్నాడు పెద్దల్లుడు. కాస్త ఆగి, "చాలా బావుందిరా," అన్నాడు.

చిన్నల్లుడు తల వంచుకుని బల్ల మీద లేని మరకని చేత్తో తుడిచాడు.

"రేపట్నుంచి గుడ్డ కప్పి రేకు పళ్ళాల్లో పంపుతాను. గంట చల్లారాకే," అన్నాడు పెద్దల్లుడు.

"మరి ఆ డబ్బాలేం చేస్తారు?" అంది భార్య. "నలభై!"

ఉల్లిపాయలు పోసుకోవడానికి పది కావాలంది మరదలు. బావగారూ ఇస్తారా అనలేదు, కావాలంది. ఇంట్లో చలికాలం దుప్పట్లకి ఆరు చాలంది భార్య. మామగారు లేచి వెళ్ళి, ఒక డబ్బాని స్కేలుతో అడ్డంగా, నిలువుగా, లోతుగా కొలిచి, తన పాత దస్త్రాలకి ఇది సరిగ్గా సరిపోతుందనీ, ఐదు అట్టే పెట్టమనీ చెప్పాడు. టీచరమ్మ గుమ్మం దగ్గరే ఆగి ఉందని ఎవరూ చూడలేదు. మూతలు గట్టివేనా అనడిగింది.

"గట్టివేనండీ," అన్నాడు పెద్దల్లుడు నీరసంగా. "ఎక్కి గెంతొచ్చు."

ఆవిడకి రెండు.

తన డబ్బాలు తన కళ్ళముందే, తననెవరూ అడక్కుండా, మనిషికిన్ని చొప్పున వెళ్ళిపోతుంటే, పెద్దల్లుడు చల్లారిపోయిన మిగతా సగం బర్గర్ని రెండు చేతుల్తో పట్టుకుని తింటూ కూర్చున్నాడు.